ఆంధ్రప్రదేశ్‌లో సోలార్, గాలి కరెంటు, తుపాన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

మిద్దె మీద ప్యానళ్లు పెట్టించుకోవాలా, పొలం లీజుకివ్వాలా, ఇంత సోలార్ వచ్చాక కూడా బిల్లు ఎందుకు పెరుగుతోంది? అపార్ట్‌మెంటు గ్రూపుల్లోనూ, సబ్‌స్టేషన్ దగ్గర రైతులు కూర్చున్నచోటా ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే జవాబులు ఒకచోట రాసి పెట్టాం. ఎవరికి కావలసిన ప్రశ్న వాళ్లు నేరుగా చదువుకోవచ్చు. వరసగా చదవనక్కర్లేదు.

## ముందు అసలు సంగతి

160 గిగావాట్లు అంటున్నారు. అసలు ఏం చేయబోతున్నారు?

రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం తెచ్చింది. సోలార్, గాలి, పంప్డ్ స్టోరేజీ, బ్యాటరీలు, గ్రీన్ హైడ్రోజన్ (స్వచ్ఛ కరెంటుతో నీళ్లను విడగొట్టి తీసేది), బయోగ్యాస్ అన్నీ అందులో ఉన్నాయి. 160 గిగావాట్లకు పైగా సామర్థ్యం, 10 లక్షల కోట్ల రూపాయల పెట్టుబడి, 7.5 లక్షల ఉద్యోగాలు లక్ష్యం. గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు. మన రాష్ట్రంలో అందరూ ఒకేసారి స్విచ్చులు వేసిన వేసవి రోజున కూడా డిమాండు 12, 13 వేల మెగావాట్ల దగ్గర ఉంటుంది. అంటే ఈ 160 గిగావాట్లలో ఎక్కువ భాగం మన ఇళ్లకోసం తలపెట్టింది కాదని తెలిసిపోతోంది. పరిశ్రమలకు, హైడ్రోజన్ తయారీకి, వేరే రాష్ట్రాలకు అమ్మడానికి. పేపర్లో ఒప్పందం కుదిరిందని చదవగానే కరెంటు వచ్చేసినట్టు లెక్కేసుకోవద్దు. కొనేవాడు సంతకం పెట్టాలి, లైను పడాలి, అప్పు దొరకాలి. ఈ మూడూ అయినవాటినే లెక్కలోకి తీసుకోవాలి.

ఇన్ని సోలార్ పార్కులు వచ్చాయి కదా, చార్జీలు ఎందుకు తగ్గలేదు?

సోలార్ కరెంటు చవకే. 2021లో రైతుల పగటి కరెంటు కోసం కేంద్ర సంస్థ సెకితో కుదిరిన 7,000 మెగావాట్ల ఒప్పందంలో ధర యూనిట్‌కు 2.49 రూపాయలు. కానీ ఆ చవక మధ్యాహ్నం పూటకే. మనందరం ఇంటికొచ్చి లైట్లు, ఏసీలు, టీవీలు వేసేది సాయంత్రం ఆరు దాటాక. ఆ నాలుగైదు గంటలకు బొగ్గు కరెంటో, ఎక్స్‌ఛేంజీలో ఎక్కువ ధర పెట్టి కొన్న కరెంటో కావాలి. బొగ్గు ప్లాంటు పగలు తక్కువ నడిచినా దాని స్థిర ఖర్చు డిస్కం, అంటే మనకు కరెంటు పంపిణీ చేసే సంస్థ, కట్టాల్సిందే.

ఇక పాత ఒప్పందాలు. ధరలు ఇంకా దిగక ముందు గాలి కరెంటును యూనిట్‌కు నాలుగున్నర రూపాయల పైన, పాతికేళ్లకు కొంటామని రాసుకున్నారు. 2019లో అప్పటి ప్రభుత్వం ఆ ధరలు తగ్గించమని పట్టుబట్టింది. వ్యవహారం కోర్టుకెక్కింది. ఒప్పందంలో రాసుకున్న ధరే చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు తేల్చింది. ఈ లోపు కొన్నేళ్లపాటు కొత్త పెట్టుబడిదారులు రాష్ట్రం వైపు చూడటానికే జంకారు. ఒకసారి సంతకం పెట్టాక వెనక్కి లాగడం ఎంత ఖరీదో ఆ గొడవ చూపించింది. తొందరపడి ఎక్కువ ధరకు సంతకం పెట్టడం ఎంత ఖరీదో కూడా.

అన్నీ రాయలసీమలోనే ఎందుకు పెడుతున్నారు?

ఎండ, గాలి, చవక భూమి, మూడూ ఒకచోట ఉన్నందుకు. అనంతపురం దేశంలోనే వాన తక్కువ పడే జిల్లాల్లో ఒకటి. మబ్బు తక్కువైతే సోలార్‌కు పండగే. కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల పొలాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లోనే పూర్తిగా నడకలోకి వచ్చింది. ఎన్‌పీ కుంట, తలారిచెరువుల్లోనూ పార్కులున్నాయి. గాలిమరలైతే ఇంకా పాతవి. రామగిరి కొండల మీద 1990ల నుంచే తిరుగుతున్నాయి. ఇక్కడ ఒక మంచి సంగతి ఉంది. గాలి జోరుగా వీచేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా, నైరుతి రుతుపవనాల కాలంలో. సరిగ్గా అప్పుడే మబ్బులు పట్టి సోలార్ తగ్గుతుంది. ఒకటి తగ్గినప్పుడు రెండోది ఆదుకుంటుంది. ఇంత చక్కగా కుదిరిన చోట్లు దేశంలో తక్కువ.

రాత్రి పూట సోలార్ దేనికి పనికొస్తుంది?

అన్ని ప్రశ్నల్లోకీ అసలైన ప్రశ్న ఇదే. కరెంటు తయారీ ఇప్పుడు పెద్ద కష్టం కాదు. మధ్యాహ్నం దొరికినదాన్ని సాయంత్రందాకా దాచడమే కష్టం.

మన రాష్ట్రం ఎక్కువగా నమ్ముకున్నది పంప్డ్ స్టోరేజీని. రెండు చెరువులు, ఒకటి ఎత్తులో, ఒకటి పల్లంలో. పగలు మిగులు సోలార్‌తో నీళ్లు పైకి తోడతారు, సాయంత్రం కిందికి వదిలి టర్బైన్ తిప్పుతారు. మోటారుతో మిద్దె మీది ట్యాంకు నింపుకుని రాత్రికి వాడుకున్నట్టే. నంద్యాల జిల్లా పాణ్యం మండలం పిన్నాపురంలో గ్రీన్‌కో సంస్థ కట్టిన 1,680 మెగావాట్ల ప్రాజెక్టు ఈ తరహాదే. అది నది మీద కట్టింది కాదు. గోరకల్లు రిజర్వాయరు నుంచి ఒకసారి నీళ్లు నింపుకుంటే, ఆపైన ఆవిరైనంత కలుపుకుంటే చాలు. అవే నీళ్లు పైకీ కిందికీ తిరుగుతుంటాయి.

ఈ పద్ధతి మనకు మరీ కొత్తదేం కాదు. నాగార్జునసాగర్‌లోనూ, శ్రీశైలం ఎడమ గట్టునా నీళ్లు వెనక్కి తోడే యూనిట్లు ఎప్పుడో పెట్టారు. అయితే అవి నది మీద ఉన్నవి. సాగు అవసరం, రెండు రాష్ట్రాల నీటి వాటా గొడవ, కింద నీళ్లు నిలిచి ఉన్నాయా లేదా అన్నది, ఇన్ని కుదిరితే గానీ నడవవు. నదికి దూరంగా కట్టడానికి కారణం అదే.

నష్టం కూడా ఉంది. పైకి తోడటానికి నూరు యూనిట్లు ఖర్చుపెడితే తిరిగి వచ్చేది 75 నుంచి 80. బ్యాటరీల్లో ఈ నష్టం తక్కువ, కట్టడమూ త్వరగా అవుతుంది. వాటి ధరలు ఏటేటా దిగుతున్నాయి. పంప్డ్ స్టోరేజీ కట్టడానికి ఏళ్లు పడుతుంది కానీ దశాబ్దాలపాటు నడుస్తుంది. సాయంత్రం రెండు మూడు గంటల అవసరానికి బ్యాటరీ, అంతకు మించి ఆరేడు గంటలైతే కొండ మీది నీళ్లు. లెక్క చివరికి ఇలాగే తేలుతుందని మా అంచనా.

బొగ్గు ప్లాంట్లు మూసేస్తారా? ఇబ్రహీంపట్నం బూడిద బాధ ఎప్పుడు పోతుంది?

దగ్గర్లో మూయరు. విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలోనూ, కృష్ణపట్నంలోనూ 800 మెగావాట్ల కొత్త యూనిట్లు ఈ మధ్యనే వచ్చాయి. అప్పు తీరాలంటే అవి ఇంకా చాలాకాలం నడవాలి. మారేది నడిపే తీరు. మధ్యాహ్నం సోలార్ పొంగినప్పుడు తగ్గించి, సాయంత్రం పెంచి నడపాలి. పాత యూనిట్లు ఇలాంటి ఎగుడుదిగుళ్లకు కట్టినవి కావు కాబట్టి మరమ్మతులు పెరుగుతాయి. బూడిద విషయానికొస్తే, ప్లాంటు ఎంత తక్కువ నడిస్తే బూడిద అంత తక్కువ. అయితే చెరువుల్లో ఇప్పటికే పేరుకున్నదాన్ని సిమెంటుకో, ఇటుకలకో, రోడ్లకో తరలించాలి. సోలార్ వచ్చినంత మాత్రాన అది తనంతట తాను పోదు.

## ఇంటి మీద పెట్టే ముందు

మా ఇంటికి సోలార్ లాభమేనా?

మీ బిల్లు ఏ శ్లాబు దాకా వెళుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. మన గృహ వినియోగ చార్జీ మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, తర్వాత 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. సోలార్ మీ వాడకంలో పై శ్లాబు యూనిట్లను ముందు కోసేస్తుంది.

నెలకు 400 యూనిట్లు వాడే ఇంటికి వినియోగ చార్జీ ఒక్కటే సుమారు 2,550 రూపాయలు. 3 కిలోవాట్ల ప్యానళ్లు నెలకు 330 యూనిట్ల దాకా ఇస్తాయి. మిగిలిన 70 యూనిట్లకు 177 రూపాయలు. అంటే నెలకు 2,300 పైనే మిగులు. 3 కిలోవాట్లకు ఖర్చు రెండు లక్షలకు అటూ ఇటూ, అందులో కేంద్ర సబ్సిడీ 78 వేలు పోతే సొంత పెట్టుబడి నాలుగైదేళ్లలో వెనక్కి వస్తుంది.

అదే నెలకు 100 యూనిట్లు వాడే ఇంటికి చార్జీ 305 రూపాయలే. ఒక కిలోవాట్ పెట్టినా పెట్టిన డబ్బు రావడానికి పదేళ్లు దాటుతుంది. అలాంటివాళ్లు సొంత డబ్బుతో పెట్టుకోవడం కంటే పాత ఫ్యాను మార్చి బీఎల్‌డీసీ ఫ్యాను కొనుక్కోవడం మేలు. మామూలు ఫ్యాను 75 వాట్లు తింటే అది 30 వాట్లతో సరిపెడుతుంది.

సబ్సిడీ ఎంత? ఎవరికి ఎక్కువ?

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 1 కిలోవాట్‌కు 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన ఎంతైనా 78 వేలు. ఇది దేశమంతటా ఒకటే. మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల దాకా మిగతా ఖర్చు రాష్ట్రమే పెట్టుకుని ఉచితంగా బిగిస్తోంది. బీసీ కుటుంబాలకు 2 కిలోవాట్లకు కేంద్ర సబ్సిడీ మీద ఇంకో 20 వేలు కలుపుతోంది. సబ్సిడీ కావాలంటే దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ప్యానళ్లే పెట్టాలి. బిగించి, నెట్ మీటర్ (గ్రిడ్ నుంచి తీసుకున్నదీ, గ్రిడ్‌కు పంపినదీ రెండూ కొలిచేది) పడి, తనిఖీ అయ్యాక డబ్బు మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ సామాను మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. కొటేషన్లో పాత పన్ను వేసి ఉంటే అడగండి.

ఏజెంటు వచ్చి "అంతా మేమే చూసుకుంటాం, పూర్తిగా ఉచితం" అంటున్నాడు. నమ్మొచ్చా?

రాష్ట్రం ఉచితంగా ఇచ్చేవర్గంలో మీరు ఉంటే నిజమే కావచ్చు, డిస్కం కార్యాలయంలో అడిగి తేల్చుకోండి. మిగతావాళ్లకు ఉచితం అన్న మాటే అనుమానించదగ్గది. కరెంటు సర్వీసు నంబరుతో జాతీయ పోర్టల్‌లో దరఖాస్తు మీరే పెట్టుకోవచ్చు. అందులో నమోదైన వెండర్లలో ఒకరిని ఎంచుకోవాలి. ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోండి. ప్యానల్ మోడల్, ఇన్వర్టర్ కంపెనీ, స్టాండు ఎత్తు, ఇనుము మందం కాగితం మీద రాయించుకోండి. పథకం ప్రకారం అయిదేళ్ల నిర్వహణ బాధ్యత వెండర్‌దే. అది కూడా రాతలో ఉండాలి. ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పొద్దు.

మాది అపార్ట్‌మెంటు. మిద్దె అందరిదీ. ఎలా?

లిఫ్టు, నీళ్ల మోటారు, మెట్ల లైట్ల ఉమ్మడి మీటరుకు సోలార్ పెట్టుకోవడం అన్నిటికంటే తేలిక. సంఘాలకు దీనికి కిలోవాట్‌కు 18 వేల చొప్పున సబ్సిడీ ఉంది. ఒక కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగుల నీడ పడని జాగా కావాలి. విడివిడి ఫ్లాట్లకు పెట్టాలంటే మిద్దె మీద ఎవరికి ఎంత హక్కు అన్న గొడవ ముందు తేలాలి. ఆ మీటింగు ఎంతసేపు సాగుతుందో అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు.

కరెంటు పోతే మా సోలార్ పనిచేస్తుందా?

మామూలుగా పెట్టేదైతే పనిచేయదు. చాలామందికి ఇది బిగించాకే తెలుస్తుంది. గ్రిడ్‌కు కలిపిన ఇన్వర్టర్ లైన్లో కరెంటు లేదని గుర్తించగానే ఆగిపోతుంది. ఆగకపోతే స్తంభం ఎక్కి పనిచేస్తున్న లైన్‌మన్‌కు మీ మిద్దె మీది కరెంటు షాక్ కొడుతుంది. తుపాను వచ్చి మూడు రోజులు కరెంటు లేకపోయినా ఫ్యాను, ఫోను నడవాలంటే గ్రిడ్ లేకపోయినా బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికి బ్యాటరీ కావాలి. ఖర్చు బాగా పెరుగుతుంది. తీర ప్రాంతంలో ఇంట్లో పెద్దవాళ్లు, ఆక్సిజన్ మీద ఉన్న రోగులు ఉంటే ఆ ఖర్చు దండగ అనిపించదు. విజయవాడలోనో తిరుపతిలోనో గంట రెండు గంటల కోతలకైతే మీ పాత ఇన్వర్టర్ చాలు.

## పెట్టాక

ఉచిత కరెంటు అన్నారు, బిల్లు సున్నా రాలేదేం?

మీరు గ్రిడ్‌కు పంపిన యూనిట్లు తీసుకున్నవాటితో చెల్లిపోయినా, స్థిర చార్జీ ఉంటుంది. బొగ్గు, కరెంటు కొనుగోలు ఖర్చు పెరిగినప్పుడు వేసే ఇంధన సర్దుబాటు చార్జీలు ఉండొచ్చు. సాయంత్రం వాడకం ఎక్కువైతే మిగిలిన యూనిట్లకు డబ్బు కట్టాలి. బిల్లులో దిగుమతి, ఎగుమతి రెండు రీడింగులూ విడిగా ఉంటాయి. మొదటి రెండు నెలలు ఇన్వర్టర్ యాప్‌లో చూపే ఉత్పత్తితో వాటిని పోల్చి చూసుకోండి. యాప్‌లో ఉత్పత్తి బాగానే ఉండి, పగలు ఇల్లు తాళం వేసి ఉన్న రోజుల్లో కూడా ఎగుమతి రీడింగ్ కదలకపోతే తప్పు మీటరు దగ్గరే ఉండొచ్చు. ఫిర్యాదు చేయండి.

ప్యానళ్లు ఎన్నాళ్లకు కడగాలి?

వాన లేని నెలల్లో పది పదిహేను రోజులకోసారి. పొద్దున్నే, ప్యానల్ వేడెక్కక ముందే. మంచి నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. సబ్బు వద్దు. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే తెల్లచారలు మిగులుతాయి, తుడిచేయండి.

పాతికేళ్ల తర్వాత ఈ ప్యానళ్లన్నీ చెత్తకుప్పేనా?

గాజు, అల్యూమినియం, కొద్దిగా వెండి, సిలికాన్. చాలావరకు తిరిగి తీసుకోవచ్చు. 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనలు సోలార్ ప్యానళ్లకూ వర్తిస్తాయి. తీసుకోగల సంస్థలు మాత్రం ఇంకా చాలా తక్కువ. విరిగిన ప్యానల్‌ను పాత సామానువాడికి అమ్మకుండా వెండర్‌కు తిరిగి ఇచ్చే షరతు కొనేటప్పుడే రాయించుకోవచ్చు.

## పొలం, బోరు

పగలు 9 గంటల కరెంటుకు సోలార్‌కు సంబంధమేంటి?

ఒకప్పుడు మోటార్లకు కరెంటు అర్ధరాత్రి వచ్చేది. స్టార్టర్ దగ్గరికి చీకట్లో వెళ్లి పాము కాటుకో, షాక్‌కో పోయిన రైతుల సంగతి ప్రతి ఊళ్లోనూ వింటాం. గృహ వాడకం తక్కువగా ఉండే రాత్రివేళ మిగిలిన కరెంటు రైతుకు నెట్టేయడం అప్పటి లెక్క. సోలార్ వచ్చాక మిగులు పగటికి మారింది. పగలు 9 గంటలు ఇవ్వడం రైతుకూ మేలే, గ్రిడ్‌కూ మేలే. మొత్తం ఈ మార్పులో పల్లెకు నేరుగా దక్కిన లాభం ఏదంటే మేం దీన్నే చెబుతాం. రైతుల సోలార్ కోసం కేంద్రం పెట్టిన పీఎం కుసుం పథకం కింద 33/11 కేవీ సబ్‌స్టేషన్ల పక్కనే చిన్న సోలార్ ప్లాంట్లు పెట్టి ఆ ఊరి వ్యవసాయ ఫీడరుకు ఇస్తే, దూరం నుంచి తెచ్చే లైను నష్టమూ తగ్గుతుంది.

సోలార్ పంపు తీసుకుంటే ఖర్చు లేకుండా ఎంతైనా తోడుకోవచ్చు కదా?

ఇబ్బంది అక్కడే ఉంది. కరెంటుకు డబ్బు లేదు, డీజిలు లేదు, ఎండ ఉన్నంతసేపూ మోటారు నడుస్తూనే ఉంటుంది. అనంతపురం, సత్యసాయి, ప్రకాశం జిల్లాల్లో బోర్లు ఏ లోతుకు వెళ్లాయో తెలిసిందే. కరెంటు లైను చేరని చోట, కాలువ నీళ్లు తోడుకునే చోట సోలార్ పంపు బాగా పనికొస్తుంది. భూగర్భ జలం అడుగంటిన మండలంలో డ్రిప్ లేకుండా సోలార్ పంపు ఇవ్వడం మంచిది కాదు. గ్రిడ్‌కు కలిపి, తోడకుండా మిగిల్చిన యూనిట్లకు రైతుకు డబ్బు ఇచ్చే పద్ధతి అయితే నీళ్లు మిగల్చడానికి ఒక కారణం దొరుకుతుంది.

ప్రకృతి వ్యవసాయానికీ వాతావరణానికీ ఏంటి లింకు?

2016 నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయంలో ముఖ్యమైన పని, వానలకు ముందే నవధాన్యాలు చల్లి నేలను ఏడాది పొడుగునా పచ్చగా కప్పి ఉంచడం. కప్పి ఉన్న నేల తేమ నిలుపుకుంటుంది. ఒక తడి తగ్గితే మోటారు అంతసేపు తక్కువ నడుస్తుంది. కోస్తాలో ఇలాంటి పొలాలు ముంపు నుంచి త్వరగా తేరుకుంటాయని రైతులు చెబుతారు. ఈ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ గుల్బెంకియన్ పురస్కారం మరో ఇద్దరితో కలిపి దక్కింది. దిగుబడి మీద వాదనలు మాత్రం ఇంకా సాగుతూనే ఉన్నాయి. మొదట ఒక ఎకరంలో వేసి చూసుకోమని చెప్పడమే న్యాయం.

## భూమి ఇచ్చే ముందు

సోలార్ కంపెనీ పొలం అడుగుతోంది. అమ్మాలా, లీజుకివ్వాలా?

వీలైతే లీజు. వర్షాధార భూమికి ఎకరానికి ఏడాదికి 31 వేల రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు అన్నది రాష్ట్రంలో వాడుకలో ఉన్న లెక్క. వేరుశనగ వేసి వానకోసం ఆకాశం చూసే రైతుకు అది తక్కువ మొత్తమేం కాదు. కానీ ఒప్పందం పాతికేళ్లకు పైన. కంపెనీ చేతులు మారితే లీజు ఎవరు కట్టాలి, గడువు తీరాక పునాది సిమెంటు ఎవరు తీయాలి, డబ్బు ఆలస్యమైతే వడ్డీ ఎంత, ఈ మూడూ రాతలో లేకపోతే సంతకం పెట్టొద్దు. అసైన్డ్ భూమి, చుక్కల భూమి, అన్నదమ్ముల మధ్య పంపకం కానిది అయితే ముందు రికార్డు సరిచేసుకోండి. పట్టా ఉన్నవాడికి ఒక ధర, సాగులో ఉన్నా కాగితం లేనివాడికి ఇంకో ధర కట్టడం దగ్గరే ఇలాంటి పార్కుల్లో తగాదాలు మొదలవుతాయి.

మాగాణి, తోటలు ఇవ్వమని ఒత్తిడి వస్తే అది వేరే కథ. నెల్లూరు జిల్లా కరేడులో సోలార్ పరికరాల పరిశ్రమకు భూసేకరణను రైతులు 2025లో గట్టిగా ఎదిరించారు. ఏటా పంట చేతికొచ్చే భూమికి బీడు లెక్క కుదరదు.

మాకు పొలం లేదు, గొర్రెలు మేపుకుంటాం. మాకేంటి?

నిజం చెప్పాలంటే ఈ లెక్కల్లో మీ పేరు లేదు. లీజు డబ్బు పట్టాదారుకు పోతుంది. బీడు చుట్టూ కంచె పడితే మేత పోతుంది, కూలి పోతుంది. కట్టేటప్పుడు ఏడాదో రెండేళ్లో పని ఉంటుంది, తర్వాత కాపలా, గడ్డి కోత, ప్యానళ్లు కడిగే కొద్ది ఉద్యోగాలే. ప్యానళ్ల కింద గొర్రెలను మేయనివ్వడం వేరే దేశాల్లో మామూలే. గడ్డి కోత ఖర్చు తప్పుతుంది కాబట్టి కంపెనీకీ లాభం. గ్రామసభలో ఇది షరతుగా అడగండి. బీడు అని రికార్డులో రాసిన నేలంతా ఖాళీ కూడా కాదు. నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డి మైదానాలను బట్టమేక పిట్ట కోసమే అభయారణ్యం చేశారు. అలాంటి చోట్ల తీగలు పిట్టలకు ప్రాణాంతకం.

మన్యంలో పంప్డ్ స్టోరేజీకి గిరిజనులు ఎందుకు వద్దంటున్నారు?

వాళ్ల కొండ, వాళ్ల నీళ్లు, కరెంటు మాత్రం మైదానానికి. అల్లూరి సీతారామరాజు జిల్లా రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు కింద గిరిజనులకు ప్రత్యేక రక్షణ ఉన్న ప్రాంతం. షెడ్యూల్డ్ భూములను ప్రైవేటు కంపెనీలకు బదిలీ చేయడం కుదరదని 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పు చెప్పింది. అది ఈ మన్యం నుంచే పుట్టిన కేసు. ఇలాంటి ప్రాంతాల్లో గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టం ప్రకారం భూసేకరణకు ముందు గ్రామసభతో సంప్రదించాలి. స్వచ్ఛ కరెంటు అన్న పేరు ఈ చట్టాలకు మినహాయింపు ఇవ్వదు.

## తుపాను, వరద, ఎండ

హుద్‌హుద్ తర్వాత ఏమైనా నేర్చుకున్నామా?

ప్రాణాలు కాపాడటంలో చాలా. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన పది వేలమందిని పైగా మింగింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖనే నేరుగా తాకినా, ముందస్తు హెచ్చరికలు, తరలింపు వల్ల అంత విషాదం జరగలేదు. తిత్లీ, మిచౌంగ్, మొంథా తుపాన్లకూ అదే పద్ధతి కాపాడింది.

కరెంటు విషయంలో నేర్చుకున్నది తక్కువ. హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో విశాఖలో భూగర్భ కేబుళ్లు వేశారు. అది మంచి పని. కానీ భూగర్భ కేబులు మామూలు లైను కంటే ఎన్నో రెట్లు ఖరీదు, పల్లెలకు వేయలేరు. 2018లో తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు స్తంభాలూ వరసగా ఒరిగాయి. తీర మండలాల్లో ఆసుపత్రికీ, నీళ్ల ట్యాంకుకూ, సెల్ టవరుకూ వెళ్లే లైన్లనైనా ముందు గట్టి చేసి, అక్కడ సోలార్, బ్యాటరీ పెట్టడం తక్కువ ఖర్చుతో అయ్యే పని. ఇక కోరంగి మడ అడవులు అలల జోరును ఉచితంగానే ఆపుతున్నాయి. వాటిని నరకకుండా ఉంటే చాలు. ఉప్పాడ దగ్గర రాళ్లు, గోడలు ఎన్ని వేసినా సముద్రం ఊరిని కోస్తూనే ఉంది.

తుపాను గాలికి మిద్దె మీది ప్యానళ్లు ఎగిరిపోవా?

బిగింపును బట్టి. భారత ప్రమాణాల గాలి పటంలో విశాఖ, విజయవాడ, నెల్లూరు సెకనుకు 50 మీటర్ల మండలంలో ఉన్నాయి. గంటకు 180 కిలోమీటర్లు. కర్నూలుకు అది 39 మీటర్లే. కర్నూలుకు సరిపోయిన స్టాండును కాకినాడలో బిగిస్తే అది ప్రమాదమే. ప్యానళ్ల కింద వంట చేసుకునేంత ఎత్తు కావాలని ఎత్తైన స్టాండ్లు అడుగుతారు. గాలి కింద దూరి లేపేది వాటినే. శ్లాబుకు రసాయన యాంకర్లతో బిగించారా, కేవలం సిమెంటు దిమ్మల బరువు మీద నిలిపారా అడగండి. తీరంలో గాల్వనైజ్ చేయని ఇనుము ఉప్పుగాలికి త్వరగా తుప్పు పడుతుంది.

వరద నీళ్లు ఇంట్లోకి వస్తే సోలార్‌ను ఏం చేయాలి?

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు కరెంటు రోజుల తరబడి ఆపాల్సి వచ్చింది. అలాంటి చోట మీటరు బోర్డు, ఇన్వర్టర్ మెట్ల కింద కాకుండా మొదటి అంతస్తులో ఉండాలి. ఒక్కటి మరిచిపోవద్దు: మెయిన్ ఆపేసినా, ఎండ ఉన్నంతసేపూ ప్యానల్ నుంచి ఇన్వర్టర్ దాకా ఉన్న డీసీ తీగలో కరెంటు ఉంటుంది. మిద్దె మీది డీసీ స్విచ్ కూడా ఆపండి. మునిగిన ఇన్వర్టర్‌ను ఎండబెట్టి సొంతంగా ఆన్ చేయొద్దు. అత్యవసరానికి 112, విపత్తు కంట్రోల్ రూముకు 1070, కరెంటు ఫిర్యాదుకు 1912.

ఎండలు ఇలా ఉంటే ఏసీలు పెరుగుతాయి, కరెంటు సరిపోతుందా?

2015 మేలో వడగాడ్పులకు రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. చాలామంది ఆరుబయట పనిచేసేవాళ్లు, వృద్ధులు. వాళ్లలో ఏసీ ఉన్నవాళ్లు ఎంతమంది ఉంటారు? శ్లాబు మీద తెల్ల సున్నమో, వేడిని తిప్పికొట్టే రంగో వేస్తే పై అంతస్తు ఇంట్లో ఉక్క బాగా తగ్గుతుంది. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానమే తెచ్చింది. మనమూ కనీసం ప్రభుత్వ కాలనీ ఇళ్లకు అది తప్పనిసరి చేయాలి. మధ్యాహ్నం ఏసీకి సోలార్ ఉంది. రాత్రి పదింటికీ చల్లబడని గోడల మధ్య తిరిగే ఏసీకి లేదు.

## ముందు ముందు

పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ అంటున్నారు. అంత కరెంటు, నీళ్లు ఎక్కడివి?

2025 జనవరి 8న విశాఖలో ప్రధాని శంకుస్థాపన చేసిన ఎన్టీపీసీ గ్రీన్ ప్రాజెక్టు లక్ష్యం రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్. కిలో హైడ్రోజన్‌కు 50 యూనిట్లకు పైగా కరెంటు, కనీసం 9 లీటర్ల శుద్ధమైన నీళ్లు కావాలి. గుణిస్తే రోజుకు 7.5 కోట్ల యూనిట్లు. ఇవాళ రాష్ట్రం మొత్తం రోజూ వాడేది సుమారు 20 కోట్ల యూనిట్లు. ఒక్క హబ్బుకే అందులో మూడో వంతు దాటుతుంది! అందుకే దానికి విడిగా 20 గిగావాట్ల సోలార్, గాలి కరెంటు తలపెట్టారు. నీళ్లు రోజుకు 1.35 కోట్ల లీటర్లకు తగ్గవు, సముద్రం పక్కనే కాబట్టి ఉప్పు తీసి వాడటమే దారి. ఎరువులకు అమ్మోనియా, ఉక్కు, ఎగుమతి కోసం ఇది. మన వంటగదికి రాదు. పూడిమడక మత్స్యకారులు అడిగే ప్రశ్న మాత్రం సూటిగా ఉంటుంది: ఉప్పు తీశాక మిగిలిన చిక్కటి నీళ్లు ఎక్కడ వదులుతారు?

మేం తెలంగాణలో ఉంటాం. ఇవన్నీ మాకూ వర్తిస్తాయా?

సూర్యఘర్ సబ్సిడీ ఒకటే. చార్జీలు, శ్లాబులు, నెట్ మీటర్ నిబంధనలు వేరు. అక్కడ రైతులకు 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు. 2025లో తెచ్చిన విధానంలో 2030 కల్లా 20 వేల మెగావాట్ల కొత్త స్వచ్ఛ ఇంధనం లక్ష్యంగా పెట్టుకున్నారు. రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయరు మీద 100 మెగావాట్ల తేలే సోలార్ 2022 నుంచి నడుస్తోంది.

చార్జీల మీద మా మాట ఎవరు వింటారు?

వినే చోటు ఉంది, వెళ్లేవాళ్లే తక్కువ. ఏటా నవంబరు చివరికల్లా డిస్కంలు వచ్చే ఏడాది ఆదాయ, ఖర్చుల లెక్కలు విద్యుత్ నియంత్రణ మండలి ముందు పెడతాయి. మండలి వెబ్‌సైట్‌లో అవి అందరికీ తెరిచి ఉంటాయి. వాటి మీద ఎవరైనా లిఖితపూర్వకంగా అభ్యంతరం పంపొచ్చు, బహిరంగ విచారణలో మాట్లాడొచ్చు. లాయరు అక్కర్లేదు, తెలుగులో రాయొచ్చు. ఉత్తర్వు ఏప్రిల్ 1 లోపు వస్తుంది. "చార్జీలు తగ్గించండి" అని రాస్తే ఆ కాగితం ఫైల్లోనే ఉండిపోతుంది. సాయంత్రం కొన్న కరెంటుకు సగటు ధర ఎంత పడింది, పగలు మిగిలిన సోలార్‌ను ఎన్ని రోజులు ఆపేశారు, అయినా ఎంత చెల్లించారు అని అడిగితే డిస్కం రాతపూర్వకంగా జవాబివ్వాలి. మీ సొంత బిల్లు తగాదా అయితే అక్కడికి వద్దు. ముందు 1912, తర్వాత డిస్కంలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, అక్కడా తేలకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్. ప్రతి దశలోనూ ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి.